‘జుట్టు వచ్చాక’ అనే మాటను పక్కన పెట్టడం ఎలా

హన్మకొండ కుమార్‌పల్లిలో నాది చిన్న కుట్టు దుకాణం. రెండు కుట్టు మిషన్లు, ఒక ఓవర్‌లాక్ మిషను, గోడకు ఒక నిలువుటద్దం. 2017లో దాదాపు ఆరు నెలలు ఆ అద్దం మీద పాత నేత చీర కప్పి ఉంచాను. బ్లౌజు వేసుకుని చూసుకోవడానికి ఎవరైనా వస్తే చీర పక్కకు లాగేదాన్ని. వాళ్ళు మెట్లు దిగగానే మళ్ళీ కప్పేదాన్ని. అప్పటికి నా తల మీద ఒక్క వెంట్రుక లేదు. కనుబొమలు కూడా సగం రాలిపోయాయి.

ఆ రోజుల్లో నా నోట ఎప్పుడూ ఒకటే మాట: ‘జుట్టు వచ్చాక’. జుట్టు వచ్చాక చెల్లెలి కొత్త ఇల్లు చూడడానికి వెళ్తాను. జుట్టు వచ్చాక పాప బడిలో సమావేశానికి వెళ్తాను. జుట్టు వచ్చాక ఆధార్ కార్డులో ఫొటో మార్చుకుంటాను. జుట్టు వచ్చాక బతుకమ్మ ఆడతాను. జుట్టు రాలేదు. రెండు బతుకమ్మ పండుగలు వెళ్ళిపోయాయి. పాప రెండో తరగతి దాటి మూడులోకి వచ్చింది. చెల్లెలి కొత్త ఇంటి గోడలకు రెండోసారి రంగులు వేశారు. నన్ను కుంగదీసింది జుట్టు పోవడమా, ఈ వాయిదాలా అని ఒక రాత్రి కూర్చుని ఆలోచించాను. వాయిదాలే.

ఏడాదికి ఇద్దరు ముగ్గురైనా కొలతలిచ్చి, డబ్బులిచ్చి, గుమ్మం దగ్గర ఆగి, గొంతు తగ్గించి ‘అక్కా, మా అమ్మాయికి కూడా ఇలాగే అవుతోంది’ అంటారు. వాళ్ళకు నిలబడి పది నిమిషాల్లో చెప్పేదాన్ని ఇక్కడ కుదురుగా కూర్చుని చెబుతున్నాను. నాకు తెలిసింది ఎక్కువగా ఆడవాళ్ళ సంగతి. అదే ఎక్కువ రాస్తాను.

ముందు దాని పేరు తెలుసుకోండి

జుట్టు రాలడం అంటే ఒకటే జబ్బు కాదు. మన తల మీద సుమారు లక్ష వెంట్రుకలు ఉంటాయి. ఒక్కొక్కటి రెండు నుంచి ఆరేళ్ళు పెరుగుతుంది, తర్వాత మూడు నెలల పాటు ఎదుగుదల ఆపి, రాలిపోతుంది. రోజుకు 50 నుంచి 100 దాకా రాలడం మామూలే. దువ్వెనలో చిక్కుకున్న వాటిని లెక్కపెడుతూ కూర్చుంటే రోజంతా అదే పని అవుతుంది.

డెంగీ, టైఫాయిడ్, కాన్పు, ఆపరేషన్, ఒక్కసారిగా తిండి తగ్గించడం, వీటిలో ఏదైనా జరిగిన రెండు మూడు నెలలకు జుట్టు కుచ్చులు కుచ్చులుగా ఊడుతుంది. అప్పటికి ఆ జ్వరాన్ని ఇంట్లో అందరూ మరిచిపోయి ఉంటారు కాబట్టి సబ్బును, నీళ్ళను అనుమానిస్తారు. గోడ మీద క్యాలెండర్ తీసి మూడు నెలలు వెనక్కి వెళ్ళి చూడండి. కారణం అక్కడ దొరికితే ఊరట పడవచ్చు. ఈ రకం చాలామందికి ఆరేడు నెలల్లో సర్దుకుంటుంది. పాపిట ఏళ్ళ తరబడి కొద్దికొద్దిగా వెడల్పవుతూ ఉంటే అది వేరు, ఇంటి వారసత్వంలో వచ్చేది. జడ బిగించి వేసేవాళ్ళకు కణతల దగ్గర పలచబడుతుంది. అది తొందరగా గమనించి జడ వదులు చేస్తే తిరిగి వస్తుంది. చిన్నపిల్లల తల మీద పొట్టు రేగే మచ్చలా ఉంటే తామర కావచ్చు. అది అంటుకుంటుంది, పైపూతతో పోదు, మాత్రలు వాడాలి. తల చర్మం ఎర్రబడి, నొప్పి పెట్టి, చీము పట్టి, లేదా మెరుస్తూ నున్నగా గట్టిపడితే ఆ వారమే చర్మవ్యాధుల డాక్టరు దగ్గరికి వెళ్ళండి. అలాంటి వాటిలో వెంట్రుక కుదుళ్ళు శాశ్వతంగా పోతాయి. ఆలస్యం చేసిన ప్రతి నెలా నష్టమే.

డాక్టరు హిమోగ్లోబిన్, ఫెరిటిన్ (ఒంట్లో ఇనుము నిల్వ ఎంతుందో చెప్పేది), థైరాయిడ్ పరీక్షలు రాస్తే చేయించుకోండి. మన దగ్గర ఆడవాళ్ళు ఇంట్లో అందరికీ పెట్టి చివర మిగిలింది తింటారు. రక్తం తక్కువగా ఉండి జుట్టు రాలుతున్న వాళ్ళను నేను కళ్ళారా చూశాను. డబ్బుల ఇబ్బంది ఉంటే వరంగల్ ఎంజీఎం ఆసుపత్రిలో చర్మవ్యాధుల విభాగం ఉంది. పాత చీటీలన్నీ ఒక సంచిలో పెట్టుకుని వెళ్ళండి.

పేను కొరకలేదు

నాకు 2016 వేసవిలో మొదలైంది. ఆదివారం అమ్మ తలకు నూనె పెడుతూ చెయ్యి ఆపింది. చెవి వెనక రూపాయి బిళ్ళంత చోటు నున్నగా ఉందట. ‘పేనుకొరుకుడు బిడ్డా, ఏమీ కాదు’ అంది. తెలుగునాట అందరూ దీన్ని ఆ పేరుతోనే పిలుస్తారు. పేరులో పేను ఉంది గానీ పేనుకూ దీనికీ సంబంధమే లేదు. ఒంటిని కాపాడవలసిన రోగనిరోధక కణాలు వెంట్రుక కుదుళ్ళను పరాయివనుకుని వాటి మీదికి వెళ్తాయి. డాక్టర్లు దీన్ని అలొపీషియా ఏరియేటా అంటారు. ఇది అంటుకోదు. దువ్వెన, తువాలు, దిండు పంచుకున్నా రాదు. శుభ్రంగా లేకపోవడం వల్ల రాదు. మీరు చేసిన పాపం వల్ల అంతకన్నా రాదు.

అమ్మ ఎవరో చెప్పారని గురివింద గింజ అరగదీసి పట్టు వేసింది. మూడో రోజుకు బొబ్బలు లేచాయి, వారానికి చీము పట్టింది, రెండు వారాలు ఆ పక్కకు తిరిగి పడుకోలేకపోయాను. గురివిందలో ఉన్నది విషం. నేపాళం గింజ కూడా చర్మాన్ని కాల్చేస్తుంది. మీ ఇంట్లో పెద్దవాళ్ళు ఈ రెండింటిలో ఏది తెచ్చినా చెయ్యి పట్టుకుని ఆపండి. అమ్మ మీద నాకు కోపం లేదు. నా జుట్టు నాకన్నా ఎక్కువగా ఆమెది, చిన్నప్పటి నుంచి పెంచింది ఆమే. చేతిలో ఉన్న వైద్యం చేసింది.

తర్వాత కలిసిన డాక్టరు తల కంటే ముందు నా చేతి గోళ్ళు చూశారు. వాటి మీద సూది మొనతో పొడిచినట్టు చిన్న చిన్న గుంటలు. రోజంతా మిషను దీపం కింద ఆ వేళ్ళనే చూసుకుంటూ కూడా నేను గమనించలేదు. ఆ గుంటలు కూడా ఈ జబ్బు గుర్తేనట. నెలకొకసారి మచ్చల్లోకి ఇంజెక్షన్లు ఇచ్చారు. కొన్ని చోట్ల జుట్టు వచ్చింది, మొదట తెల్లగా, దూది పింజలా. ఈ జబ్బులో కొత్త వెంట్రుక తరచుగా అలా తెల్లగానే మొదలవుతుంది, భయపడకండి. మూడు నెలలకు అదీ రాలింది. దసరా నాటికి సగం తల, మరుసటి ఏడాది మొదట్లో మొత్తం. చాలామందికి ఇంత దూరం రాదు, ఒకటి రెండు మచ్చలతో ఆగి, ఏడాదిలోపు దానంతట అదే పూడుకుంటుంది. నాకు ఆగలేదు.

ఆ భయంలో హైదరాబాదులో ఒక కేంద్రానికి వెళ్ళి 60,000 రూపాయలు ముందే కట్టాను. గ్యారంటీ అన్నారు. ఒక్క వెంట్రుక రాలేదు, ఒక్క రూపాయి తిరిగి ఇవ్వలేదు. ఆ డబ్బు ఎన్ని బ్లౌజులో నాకు తెలుసు. అందుకే చెబుతున్నాను: గ్యారంటీ అనే మాట వినిపించగానే సంచి తీసుకుని లేవండి. ఎవరి దగ్గర వైద్యం మొదలుపెట్టినా మూడు ప్రశ్నలు అడగండి. ఈ జబ్బు పేరేమిటి? ఎన్ని నెలల్లో తేడా కనిపించాలి? మందు ఆపేస్తే ఏమవుతుంది? వీటికి నిదానంగా జవాబు చెప్పే డాక్టరు మంచి డాక్టరు.

కొత్త మందులు రాలేదని కాదు. 2022 జూన్‌లో అమెరికాలో ఈ జబ్బు ముదిరిన పెద్దవాళ్ళకు బారిసిటినిబ్ అనే మాత్రకు అనుమతి వచ్చింది. ఆ జాతి మాత్రలు ఇక్కడి డాక్టర్లు కూడా రాస్తున్నారు. నా డాక్టరు దాని గురించి గంటసేపు చెప్పారు: ముందు క్షయ పరీక్ష చేయించాలి, మధ్యమధ్య రక్తపరీక్షలు ఉంటాయి, ఇన్‌ఫెక్షన్ల భయం ఉంటుంది, ఆపితే జుట్టు మళ్ళీ రాలవచ్చు. నేను వద్దనుకున్నాను. నా స్థానంలో ఇంకొకరు కావాలనుకుంటే అదీ సరైన నిర్ణయమే. ఉన్నదాన్ని ఒప్పుకోవడమంటే వైద్యం మానేయడం కాదు. ఈ రెండింటినీ కలిపేసి చాలామంది నలిగిపోతారు.

పుస్తకంలో రెండు పేజీలు

నా ఆర్డర్ల పుస్తకంలో ఎడమ పేజీలో కొలతలు, కుడి పేజీలో ఇవ్వవలసిన తేదీ రాస్తాను. ఒక రోజు చివరి కాగితాల్లో అలాగే రెండు పేజీలు తీశాను. ఎడమవైపు వైద్యం: మందు, డాక్టరు దగ్గరికి వెళ్ళే తేదీ, ఖర్చు. కుడివైపు ‘జుట్టు వచ్చాక’ అని నేను వాయిదా వేసిన పనులు. మొత్తం పదిహేడు వచ్చాయి. ప్రతి దాని పక్కన ఒకే ప్రశ్న వేసుకున్నాను: ఈ పనికి నిజంగా జుట్టు అవసరమా? ఏ పనికీ అవసరం లేదు. పూలు పెట్టుకోవడానికి తప్ప. దానికి కూడా తర్వాత దారి దొరికింది.

మీరూ రాయండి. మనసులో అనుకుంటే కాదు, చేత్తో రాయాలి. అన్నిటికన్నా చిన్న పని ఏదో చూసి ఈ వారమే చేయండి. నేను మొదట చేసింది వీధి చివర కిరాణా దుకాణానికి స్కార్ఫ్‌తో వెళ్ళి పావుకిలో చింతపండు తేవడం. అంతకు ముందు ఆరు నెలలుగా పాపనో అత్తమ్మనో పంపేదాన్ని. రెండోది అద్దం మీది చీర తీయడం. మూడోది ఆధార్ కేంద్రం. తల మీద ఏమీ లేకుండానే ఫొటో దిగాను. నా ముఖం అది. కార్డు మీద అదే ఉండాలి కదా.

ఎడమ పేజీలో ఏం జరిగినా కుడి పేజీ ఆగకూడదు. నేను పెట్టుకున్న ఒకే ఒక్క కట్టుబాటు ఇది. మచ్చలో నూగు వచ్చిన వారం కూడా కుడి పేజీలో ఒక పని కొట్టేశాను. ఆ నూగు పోయిన వారం కూడా.

మెత్తటి టోపీ

ఇది నా వృత్తి కాబట్టి కొంచెం ఎక్కువే చెబుతాను. జుట్టు లేని తల మీద చున్నీ నిలవదు, జారిపోతుంది. పట్టు, క్రేప్ అయితే మరీ. అందరూ పిన్నులు వెతుకుతారు, పిన్ను పెట్టడానికి జుట్టేది? చున్నీ కింద నూలు టోపీ ఒకటి ఉండాలి. బజారులో దొరికే వాటి కుట్లు లోపలికి ఉంటాయి. జుట్టు లేని చర్మానికి ఆ కుట్టు సాయంత్రానికి గీత గీసినట్టు ఒరుసుకుంటుంది.

బట్ట కొత్తది వద్దు. ఉతికి ఉతికి మెత్తబడిన నూలు చీర ఇంట్లో ఒకటైనా ఉంటుంది. కొంగు వదిలేసి కుచ్చిళ్ళ భాగం తీసుకోండి, అక్కడ తక్కువ చిరుగుతుంది. లేదంటే అర మీటరు మల్‌మల్ కొని రెండుసార్లు ఉతకండి. టేపును కనుబొమలకు రెండు వేళ్ళ పైనుంచి, చెవుల మీదుగా, మెడ పైన తల గుండ్రన ముగిసే చోటు దాకా చుట్టి చూడండి. పెద్దవాళ్ళకు 21 నుంచి 23 అంగుళాలు వస్తుంది. అందులో సగానికి ఒక అంగుళం కలిపితే ముక్క వెడల్పు. ఎత్తు 9 అంగుళాలు. ముందు వార్తాపత్రిక మీద గీసుకోండి: కింది నుంచి నాలుగు అంగుళాలు నిటారుగా, అక్కడి నుంచి రెండు వైపులా గుండ్రంగా నడినెత్తిన కలిసేలా. చూడడానికి గుమ్మటంలా ఉండాలి.

బట్టను క్రాస్‌లో, అంటే ఏటవాలుగా, వేసి రెండు ముక్కలు కత్తిరించండి. బ్లౌజుకు క్రాస్ కటింగ్ ఎందుకు చేస్తామో ఇక్కడా అందుకే: ఒంటికి తగ్గట్టు సాగుతుంది. అర అంగుళం వదిలి ఒక చెవి నుంచి నడినెత్తి మీదుగా రెండో చెవి దాకా కుట్టండి. కింది అంచు ముప్పావు అంగుళం మడిచి కుట్టండి. ఎలాస్టిక్ చుట్టూ వేయవద్దు, నుదుటి మీద గీత పడి తలనొప్పి వస్తుంది. వెనక ముక్కలో మాత్రం, మెడ దగ్గర, మూడు అంగుళాల సన్నటి ఎలాస్టిక్ ఐదు అంగుళాల మేర సాగదీసి పట్టించండి. ఇప్పుడు టోపీని తిరగేసి, కుట్టు బయటికి వచ్చేలా వేసుకోండి. పైన చున్నీ వస్తుంది కాబట్టి కనబడదు. చున్నీ ముడి గడ్డం కింద కాకుండా మెడ వెనక వేయండి, చెవి కమ్మలు కనిపిస్తాయి, ముఖం విప్పారుతుంది.

ఇలాంటివి కనీసం నాలుగు ఉండాలి. మే నెలలో ఎండ 44 డిగ్రీలకు పోయినప్పుడు మధ్యాహ్నానికి ఒకటి తడిసిపోతుంది. హెల్మెట్ కింద కూడా ఇదే వేసుకోండి. బయట తల కప్పుకోకుండా తిరిగితే సన్‌స్క్రీన్ రాయాలి, ఎస్‌పీఎఫ్ 30కి తగ్గకుండా. తల చర్మం ముఖం కంటే తొందరగా కమిలిపోతుంది. కనుబొమలు పోయిన వాళ్ళకు చెమట నేరుగా కళ్ళలోకి కారుతుంది. రెప్ప వెంట్రుకలు కూడా పోతే దుమ్ము పడుతుంది. వీటికి మంచి ఉపాయం కళ్ళజోడు, పవర్ లేకపోయినా సరే. దట్టమైన ఫ్రేము కనుబొమల లోటును కూడా కొంత కప్పుతుంది. కనుబొమల పెన్సిల్ అయితే నల్లది వద్దు, ముదురు గోధుమ రంగు తీసుకోండి. ఒకే గీత లాగకుండా వెంట్రుకలు మొలిచినట్టు చిన్న చిన్న గీతలు పెట్టండి.

విగ్గు గురించి తప్పకుండా అడుగుతారు. నా దగ్గర ఒకటి ఉంది, 14,000 పెట్టి కొన్నాను, అసలు వెంట్రుకలది. మరిది పెళ్ళికి పెట్టుకున్నాను, ఇప్పుడు ఏడాదికి రెండుసార్లు పెట్టుకుంటానేమో. పెట్టుకోవడం తప్పు కాదు, మోసం అంతకన్నా కాదు. ప్లాస్టిక్ పోగులతో చేసినవి చవక గానీ వాటితో పొయ్యి దగ్గరికి వెళ్ళకండి. ఇడ్లీ పాత్ర మూత తీసినప్పుడు వచ్చే ఆవిరికే ముందు పోగులు ముడుచుకుపోతాయి. అసలు వెంట్రుకల విగ్గు ఇంట్లో పెట్టుకున్న కొత్తలో నాకు ఒక ఆలోచన వచ్చేది. తిరుమలలో, ఇంకా ఎన్నో గుళ్ళలో భక్తులు ఇచ్చిన తలనీలాలను వేలం వేస్తారు, విగ్గుల తయారీకి అలాంటి జుట్టు కూడా వెళ్తుంది. ఎవరో ఒకామె మొక్కు తీరి సంతోషంగా ఇచ్చిన జుట్టు కావచ్చు ఇది అనుకునేదాన్ని. అలా అనుకున్నాక అది పరాయిదిగా అనిపించలేదు.

మొదటిసారి తల విప్పడం

నలుగురిలో తల విప్పడానికి ఎంచుకునే చోటు ముఖ్యం. పెళ్ళి మంటపంలో మొదలుపెట్టకండి. గుండు మామూలుగా కనిపించే చోటికి వెళ్ళండి. మన వైపు అలాంటి చోటు వెతుక్కోనక్కరలేదు.

2018లో మా ఆయనకు జ్వరం తగ్గితే కోడెను కడతానని అత్తమ్మ వేములవాడ రాజన్నకు మొక్కుకుంది. కరీంనగర్‌లో బస్సు మారి వెళ్ళాం. గుడి కోనేరు ధర్మగుండం మెట్ల మీద నా స్కార్ఫ్ మొత్తం తడిసిపోయింది. నీళ్ళు పిండడానికి తీశాను. తీశాక చుట్టూ చూశాను. తలనీలాలు ఇచ్చి వచ్చిన ఆడవాళ్ళు, పసిపిల్లలు, ముసలివాళ్ళు, అందరి తలల మీదా గంధం ఆరుతోంది. నా వైపు ఒక్కరు తిరిగి చూడలేదు. పక్క మెట్టు మీద కూర్చున్న ఒక అవ్వ తన గిన్నెలో గంధం నా వైపు చాపి ‘పెట్టుకో బిడ్డా, చల్లగా ఉంటుంది’ అంది. నేను కదలకపోతే తనే రాసింది. నడినెత్తి నుంచి మెడ దాకా, గరుకు చేత్తో, తీరికగా. రెండేళ్ళలో డాక్టరు తప్ప నా తలను ముట్టుకున్న మొదటి మనిషి ఆమె. నేను కూడా జుట్టు ఇచ్చి వచ్చాననుకుంది. ఆ రోజు కాదని చెప్పాలనిపించలేదు.

తిరుగు బస్సులో స్కార్ఫ్ ఒళ్ళో పెట్టుకునే కూర్చున్నాను. తలకు గాలి తగిలితే ఎంత హాయిగా ఉంటుందో అప్పుడే తెలిసింది.

గుడికి వెళ్ళే అలవాటు లేనివాళ్ళు ఇంటి డాబా నుంచి మొదలుపెట్టవచ్చు. లేదా తెల్లవారుజామున భద్రకాళి చెరువు కట్ట మీద నడక. ఆ వేళ అందరూ తమ ఊపిరి తాము చూసుకుంటూ ఉంటారు.

అడిగేవాళ్ళకు ఏం చెప్పాలి

అడుగుతారు. ‘ఏ దేవుడికి ఇచ్చావు?’ అనేది మంచి ప్రశ్న, అందులో చెడు ఉద్దేశం లేదు. ‘క్యాన్సరా?’ అని గుసగుసగా అడుగుతారు. ‘షాంపూ మార్చి చూడు’ అంటారు. ఒక పేరంటంలో ఒకామె నా బొట్టు వైపు, మెడలో పుస్తెల వైపు చూసి, అప్పుడు గానీ పలకరించలేదు. ఆడమనిషి తలలో జుట్టు లేకపోతే ఏ అర్థం తీసుకోవాలో పాతకాలం కొందరికి నేర్పి వెళ్ళింది. బోడిగుండుకూ మోకాలికీ ముడి వేసినట్టు, నా తలకూ మా ఇంటి మంచిచెడులకూ ముడి పెట్టడం ఎంత అన్యాయమో ఆ రోజు పీట మీద కూర్చుని అనుభవించాను. ఆ బాధ నిజం. దాన్ని చిన్నదని చెప్పను.

జవాబులు ఇంటి దగ్గరే తయారు చేసుకుని వెళ్ళండి. అప్పటికప్పుడు వెతుక్కుంటే గొంతు పూడుకుంటుంది. నావి మూడు. బస్సులో ముక్కూ ముఖం తెలియని వాళ్ళకు: ‘జుట్టు రాలే జబ్బు ఉందండీ, అంటుకోదు, నేను బాగానే ఉన్నాను.’ అంతే, తర్వాత కిటికీ వైపు తిరుగుతాను. చుట్టాలకు: ‘వైద్యం చేయించుకున్నాను అత్తా, ఇప్పుడు వేరే కబుర్లు చెప్పు, పెద్దోడి ఉద్యోగం ఎలా ఉంది?’ పెద్దవాళ్ళకు తమ పిల్లల సంగతి అడిగితే చాలు, మాట అటు వెళ్ళిపోతుంది. చిన్నపిల్లలకు మాత్రం నిజం మొత్తం చెబుతాను, కావాలంటే ముట్టుకోనిస్తాను. వాళ్ళు ఒకసారి నిమిరి, ‘మెత్తగా ఉంది’ అని ఆటకు పోతారు.

అద్దం ముందు పైకి అని సాధన చేయండి. నేను దుకాణం మూశాక పది రోజులు అలా చేశాను. పదకొండో రోజు కళ్ళలో నీళ్ళు రాలేదు.

పాప జడ

ఇంట్లోవాళ్ళతో ఏం చేయాలో నాకు పాప దగ్గర తెలిసింది. బడికి రెండు జడలు వేసి, ఎర్ర రిబ్బన్లతో పైకి మడిచి కట్టాలి. నా జుట్టు పోయాక ఆ పని అత్తమ్మకు అప్పజెప్పాను. నా వేళ్ళు దాని జుట్టులోకి వెళ్తే ఏదో అయ్యేది. అసూయ అనడానికి నోరు రాదు, కానీ దానికి దగ్గరగానే ఏదో. పాప ఏమీ అనలేదు. ఒక రోజు దువ్వెన తెచ్చి నా ముందు కూర్చుని, ‘అమ్మా, నేనంటే కోపమా?’ అని అడిగింది.

ఆ ఉదయం నుంచి మళ్ళీ నేనే వేశాను. మొదటి వారం చేతులు వణికాయి, పాపిట వంకరపోయింది. తర్వాత వంకరపోలేదు. మీరు దేన్ని చూడలేక పక్కకు తప్పుకుంటున్నారో ఇంట్లోవాళ్ళకు నోరు తెరిచి చెప్పండి. చెప్పకపోతే వాళ్ళు తమ తప్పు వెతుక్కుంటారు. మా ఆయన కూడా ఏడాది పాటు జుట్టు మాట ఎత్తలేదు, నన్ను బాధపెట్టకూడదని. నేనేమో ఇష్టం తగ్గిందనుకున్నాను. ఒక రాత్రి అడిగేశాను. ఆ జవాబు మా ఇద్దరి మధ్యే ఉంచుతాను. కానీ అడిగితేనే తెలిసింది.

ఆ ఏడాదే సద్దుల బతుకమ్మకు వెళ్ళాను. టోపీ మీద పసుపు పచ్చ చున్నీ, చున్నీ అంచుకు దారంతో కుట్టిన బంతిపూలు. పూలు పెట్టుకోవడానికి జుట్టు కావాలని పుస్తకంలో రాసుకున్నాను కదా. సూది చాలింది. పద్మాక్షి గుట్ట దగ్గర తంగేడు, గునుగు పేర్చిన బతుకమ్మను తాంబాలంలో దించి, చప్పట్లు కలిపి తిరుగుతుంటే రెండో చుట్టులో చున్నీ సంగతే మరిచిపోయాను.

మగపిల్లల సంగతి రెండు మాటల్లో. పెళ్ళిచూపుల భయంతో పాతికేళ్ళ వాళ్ళు నలిగిపోతున్నారు. వాళ్ళది ఎక్కువగా వారసత్వంగా వచ్చే బట్టతల. మినాక్సిడిల్, ఫినస్టరైడ్ లాంటి మందులు తొందరగా మొదలుపెడితే ఉన్నదాన్ని నిలుపుతాయి, ఆపితే ఫలితం పోతుంది. డాక్టరు చెప్పకుండా వాడవద్దు. గర్భం దాల్చే వయసు ఆడవాళ్ళు ఫినస్టరైడ్ జోలికి పోకూడదు. పెళ్ళి సంబంధానికి టోపీ పెట్టుకున్న ఫొటో పంపకండి. ఉన్న తలతోనే పంపండి. ఆ ఫొటో చూసి సరేనన్న అమ్మాయి ముందు రోజూ టోపీ సర్దుకోనక్కరలేదు.

చెడ్డ రోజులు ఇప్పటికీ వస్తాయి. పాత పెళ్ళి ఫొటోలో మోకాళ్ళ దాకా ఉన్న జడ చూసినప్పుడు వస్తాయి. అలాంటి రోజు నేను ఆల్బమ్ మూయను, చివరి దాకా చూసి, ఏడుపు వస్తే ఏడ్చి, లేచి టీ పెట్టుకుంటాను. కానీ రోజుల తరబడి నిద్ర పట్టకపోయినా, తిండి సహించకపోయినా, బతికి ఏం లాభం అనే ఆలోచన ఒక్కసారి వచ్చినా, ఒంటరిగా మోయకండి. 14416కు ఫోను చేయండి. అది మనసు బాగాలేని వాళ్ళ కోసం ప్రభుత్వం నడిపే టెలీ మానస్ సేవ, డబ్బులు తీసుకోరు, తెలుగులో మాట్లాడతారు.

పోయిన నెల ఒకామె వచ్చింది. క్యాన్సర్ మందులు మొదలుపెట్టారట, జుట్టు రాలడం మొదలైంది. ఆ మందులు పూర్తయిన కొన్ని నెలలకు చాలామందికి మళ్ళీ వస్తుంది, డాక్టరు ఆమెకు అదే చెప్పారు. కొలత తీసుకోవడానికి ఆమె స్కార్ఫ్ తీయలేదు. నేను నాది తీసి మిషను మీద పెట్టాను. కాసేపటికి తనూ తీసింది. టేపు చుట్టాను, 22. మూడు టోపీలు రాసుకున్నాను, తేదీ వేశాను. గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి వచ్చి, అక్కడ వేలాడుతున్న బ్లౌజు ముక్కను చూపించి అడిగింది: ‘అక్కా, ఒక దానికి ఈ మిరపపండు రంగు అంచు వేస్తావా?’